పరాకు, బహుపరాకు

(మన సంఘము ఉగాది సభలో చేసిన ప్రసంగపు పాఠము)



పంచాంగ శ్రవణము ఇప్పుడే ముగిసినది. తిథి, వారము, నక్షత్రము, యోగము, కరణము అని అయిదు అంగములు గల గ్రంథమది. సిద్ధాంతిగారు గంటసేపు గొంతు ఎండునట్లు చదివినారు. అందులో మనము చెవియొగ్గి విన్నది ఎంత? ఎవరి రాశి వచ్చినప్పుడు వారు తలయెత్తినారు. ఆదాయమెంత, వ్యయమెంత, రాజపూజ్యమెంత, అవమానమెంత అని నాలుగంకెలు విని మరల చేతిలోని ఫోనులోనికి తలవంచినారు. ఇతరులననేల, మేమును అంతే చేసినాము. మా ప్రక్కన కూర్చున్నవారే సాక్షి.

కావున ఈ పూట ‘మనస్సు నిలుపుట’ గురించి మాటలాడుమని కార్యదర్శిగారు మమ్ము కోరుట కొంత హాస్యముగనే ఉన్నది. మన పిల్లలు దీనిని మైండ్‌ఫుల్‌నెస్ అందురు. పాలీ భాషలోని ‘సతి’ అను మాటకు రీస్ డేవిడ్స్ అను పండితుడు 1881లో ఈ ఇంగ్లీషు మాటను వాడినాడు. 1979లో జాన్ కబాట్-జిన్ అమెరికాలోని మసాచుసెట్స్ విశ్వవిద్యాలయపు వైద్యశాలలో బాధతో వచ్చిన రోగులకు దీనిని శిక్షణగా నేర్పిన పిమ్మట లోకమంతట వ్యాపించినది. ‘సతి’కి సంస్కృతరూపము స్మృతి. తెలుగులో ఇంతకంటె చక్కని మాట ఉన్నది, ఎరుక.

ఎరుక లేకుండుటకు మనవారు పరాకు అన్నారు. రాజసభలలో వందిమాగధులు ‘బహుపరాకు’ అని కేకవేసినది మాత్రము, జాగ్రత్తగా ఉండుడని హెచ్చరించుటకు! ఒకే మాట ఇంటిలో మరపు అయినది, కొలువులో మేలుకొలుపు అయినది. ఇది ఎట్లు జరిగినదో నిఘంటుకారులు తేల్చవలెను. మాకు మాత్రము ఈ రెండు పరాకుల నడుమనే మనుష్యుని బ్రతుకంతయు ఉన్నదని తోచును.

మా పరాకు ఒకటి చెప్పెదము. చెప్పుకొనుట సుఖము కాదు, కాని చెప్పక ఈ ప్రసంగము చేయుట న్యాయము కాదు.

మా మేనత్త ఊరు గుంటూరు జిల్లా చేబ్రోలు చెంత. మమ్ము పెంచినది ఆమెయే. మేము బళ్ళారి చేరిన తరువాత ప్రతి ఆదివారము రాత్రి ఫోను చేసెడిది. ఆ వేళకు మేము ప్రత్తి లెక్కలు చూచుచుందుము. ఒక చెవి ఆమెకు, రెండు కన్నులు లెక్కలకు. ఆమె చెప్పుచుండును, మేము ‘ఊ’ కొట్టుచుందుము. ఒకనాడు, “ఒరే అబ్బాయ్, నాలుగు రోజులనుంచి ఎడమచెయ్యి మొద్దుబారుతున్నదిరా” అన్నది. మేము “మంచిది అత్తయ్యా” అన్నాము. ఆమె నవ్వి, “మంచిదేమిట్రా నీ మొహం” అని వేరే సంగతి ఎత్తుకొన్నది. పదిదినముల పిమ్మట పక్షవాతము వచ్చి పడిపోయినది. ఆ మీద రెండేండ్లు బ్రతికినది. మాట మాత్రము రాలేదు. ఆదివారము రాత్రులు మేము ఫోను చేసి, ఆమె ఊపిరి వినుచు, కబుర్లన్నియు మేమే చెప్పెడివారము.

ఆమె సంవత్సరీకమునకు పోయినప్పుడు ప్రక్కనున్న కొత్తరెడ్డిపాలెము సంగతి విన్నాము. చేబ్రోలు అనగా నాగేశ్వరస్వామి, భీమేశ్వరస్వామి, వాసిరెడ్డి వేంకటాద్రినాయుడుగారు కట్టించిన చతుర్ముఖ బ్రహ్మ ఆలయము జ్ఞాపకము వచ్చును. ఆ చెంతనే యూదులు ఉన్నారన్న నమ్ముదురా? తెలుగు మాటలాడు యూదులు. తమ్ము బెనె ఎఫ్రాయిము అనగా ఎఫ్రాయిము సంతతివారమని చెప్పుకొందురు. షమూయేలు యాకోబి, సాదోకు యాకోబి అను సోదరులు 1991లో అక్కడ సినగోగు, అనగా యూదుల ప్రార్థనామందిరము, నెలకొల్పినారు. కొన్ని పదుల కుటుంబములవారు. మాదిగపల్లెకు చెందినవారు, పెక్కుమంది పొలములలో కూలికి పోవువారు. వీరి సంగతి యూలియా ఎగొరొవా, షాహిద్ పర్వేజ్ అను ఇద్దరు పరిశోధకులు 2013లో ఒక పుస్తకముగా ప్రకటించినారు. ఎఫ్రాయిము వంశకథ చరిత్రకు నిలుచునా నిలువదా అన్నది వేరే చర్చ, మనకు ఇక్కడ అక్కరలేదు. మేము ఆ మందిరమును బయటనుండి మాత్రమే చూచినాము. కాని అంతకుముందు తెలియని ఒక పద్ధతిని గురించి అటుపిమ్మట చదువనారంభించినాము. అదియే వారపు పాఠము.

తోరా అనగా మోషే పేరిట చెప్పబడు అయిదు కాండములు. యూదులు దానిని 54 పాఠములుగా విభజించుకొన్నారు. వారమునకొక పాఠము, శనివారము ఉదయము అందరు కూడి చదువుకొందురు. సాధారణ సంవత్సరములలో వారములు చాలవు గనుక కొన్ని జంటలను కలిపి చదువుదురు. సోమవారము, గురువారము వచ్చు పాఠములో కొంత రుచి చూపుదురు. పూర్వము అవి సంత దినములట, పల్లెవారు పట్నము వచ్చు రోజులు. సంతకు వచ్చినవానికి ఉప్పుతో పాటు ఒక ముక్క చదువు కూడ కట్టి పంపిన పెద్దల తెలివిని మెచ్చుకొనవలెను. భాద్రపద, ఆశ్వయుజ మాసముల ప్రాంతమున సిమ్హత్ తోరా అను పండుగనాడు కడపటి పాఠము ముగియును. ముగిసిన ఆ పూటనే సృష్ట్యాది మరల మొదలుపెట్టుదురు. మన షడ్రుచుల పచ్చడి వలెనే, నిరుటి రుచియే, నాలుక మాత్రము ఒక యేడు ముదిరినది.

చదువు పద్ధతిలోనే మనస్సు నిలుపు కిటుకులు దాగియున్నవి. పుస్తకము అచ్చుది కాదు, చేతివ్రాత చుట్ట. అందులో హల్లులు మాత్రమే ఉండును, అచ్చుల గుర్తులు లేవు, రాగపు గుర్తులు లేవు. అనగా ముందుగా ఇంట నేర్చి రానివాడు చదువలేడు. అక్షరమును చేతితో తాకరాదు గనుక కొసన చిన్న చేయి చెక్కిన పుల్లతో వరుస చూపుదురు. దాని పేరు యాద్, అర్థము ‘చేయి’. చదువరి ఒక మాట తప్పిన ప్రక్కవారు అప్పటికప్పుడే పైకి దిద్దుదురు. అతడు మరల ఆ మాట సరిగా చదివి ముందుకు పోవలెను. ఎవరును నవ్వరు. కావున వినువాడును కునుకు తీయుటకు వీలులేదు.

ఇక్కడ ఒక మాట. ఆ చుట్ట చర్మముపై వ్రాయబడినది. శుద్ధమైన పశువు చర్మము తెచ్చి, నానబెట్టి, గీరి, ఆరబెట్టి, ఈకకలముతో వ్రాయుదురు. తోలు పని చేసినందుకు మన పల్లెలు ఎవరిని ఊరి చివర ఉంచినవో, వారి సంతతివారు కొత్తరెడ్డిపాలెములో, తోలుపై వ్రాసినదే పరమపవిత్రమని తలచు మతమును చేరినారు. ఇది వారు లెక్కపెట్టి చేసినారని మేము అనము. కాని మనము లెక్కపెట్టుకొనవలెను. ధర్మవరము చెంత నిమ్మలకుంటలోను, మన బళ్ళారి సీమ పల్లెలలోను రాముడు, సీత మేకతోలుపైననే గదా తెరమీదికి వచ్చినారు. అప్పుడు దండము పెట్టిన చేతులే తోలు ఊనినవానిని దూరముగ నిలుమన్నవి. పరాకులలో ఇదొక పెద్ద పరాకు.

వారపు పాఠమును ఆధారము చేసుకొని మనస్సును నిలుపుట నేర్పువారు ఈ కాలమున అమెరికా యూదులలో ఉన్నారు. జోనథన్ స్లేటర్ అను రబ్బీ, బెర్దిచేవ్ ఊరి లేవీ యిత్సాకు (1740–1809) అను భక్తుని వ్యాఖ్యానమును పట్టుకొని వారము వారమునకు ధ్యానపాఠములు కూర్చి 2014లో ప్రకటించినాడు. మేము ఆయనవలె పండితులము కాము. మాకు తట్టినవి రెండు మూడు పాఠములు చెప్పి ఊరకుందుము.

నిర్గమకాండము తొలి పాఠములో మోషే మామగారి గొర్రెలను మేపుచు ఎడారిలో మండుచున్న పొదను చూచును. ఎండుటాకులు అంటుకొనుట బళ్ళారి ఎండ తిన్న మనకు వింతయా? చైత్రము రాకముందే మన కోటకొండ మీద గడ్డి తగులబడును. మండుట వింత కాదు. ఎంత మండినను పొద కాలిపోకుండుట వింత. అది ఒక్క చూపున తెలియదు. కొంత సేపు నిలిచి చూచినవానికే తెలియును. అతడు త్రోవ విడిచి ప్రక్కకు తిరిగి చూచిన తరువాతనే పిలుపు వచ్చినదని కథ. అతనికి ముందు ఎందరు కాపరులు ఆ పొద ప్రక్కగా గొర్రెలను తోలుకొని పోయినారో! “చెయ్యి మొద్దుబారుతున్నది” అన్న మాట మా దగ్గర మండిన పొద. మేము లెక్కల గొర్రెలను తోలుకొని పోయినాము.

సంఖ్యాకాండములో మేఘము కథ వలసవచ్చిన వారిని కూర్చోబెట్టి చెప్పినట్లుండును. గుడారము మీద మేఘము నిలిచినంతకాలము జనులు దిగియుండవలెను, లేచిన నాడు నడువవలెను. అది రెండు దినములు నిలుచునో, నెల నిలుచునో, ఏడాది నిలుచునో ముందుగా చెప్పదు. ఎన్ని దినములుందుమో తెలియకున్నను మేకులు పూర్తిగా దిగవేయవలసినదే, మందిరము పూర్తిగా నిలుపవలసినదే. మన సంగతి చూడుడు. “ఈ యేడు కాకున్న పైయేడు ఊరికి పోదుము” అని ముప్పదియేండ్లుగా అనుచు, ఇక్కడి ఇంట ఒక జాజితీగ నాటనివారు ఈ సభలోనే ఉన్నారు. ఇక్కడ నాటరు, అక్కడ నాటినది ఎండిపోయినది. ప్రక్కింటి కన్నడిగులు వేప, బెల్లము కలిపి పంపిన గిన్నెను పిల్లలచేత తీసికొనిరమ్మని, ఆ గిన్నె పంపిన తల్లి పేరేమో పదేండ్లుగా తెలుసుకొననివారును ఉన్నారు.

మన పేటలో ఇంకొక తెగ ఉన్నది, వలసరాకనే వలసవారైనవారు. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రము ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు అటు పోయినవి, బళ్ళారి తాలూకా మైసూరులో చేరినది. వారి ఇల్లు కదలలేదు, సరిహద్దు కదలినది. వారి పొయ్యి మీద కూర ఉడుకుచుండగనే మేఘము లేచి వేరొకచోట దిగినది. వారికిని ఈ పాఠము చెల్లును.

ఆ కాండము చివర మరొక పాఠమున్నది. చూచుటకు ఏమియు లేదు, ఐగుప్తు విడిచినది మొదలు దిగిన 42 మజిలీల పేర్ల జాబితా. అక్కడనుండి లేచి ఇక్కడ దిగిరి, ఇక్కడనుండి లేచి అక్కడ దిగిరి. మొదట మేము దానిని రైలు పట్టికవలె దాటవేసినాము. పదకొండవ శతాబ్దమున ఫ్రాన్సులో ఉండిన రాషి అను వ్యాఖ్యాత, పాత కథ ఒకటి చెప్పి దానికి ప్రాణము పోసినాడు. ఒక రాజు జబ్బుపడిన కొడుకును వైద్యమునకై దూరదేశమునకు తీసికొనిపోయినాడట. నయమైన పిమ్మట తిరిగివచ్చుచు, ఇక్కడ పండుకొన్నాము, ఇక్కడ చలివేసినది, ఇక్కడ నీకు తలనొప్పి వచ్చినది అని ప్రతి మజిలీ వద్ద కొడుకునకు చూపినాడట. మన అమరావతి ఎక్స్‌ప్రెస్సు ఎక్కి గుంటూరు, నరసరావుపేట, నంద్యాల, డోను, గుంతకల్లు అని పిల్లలకు స్టేషన్ల పేర్లు చెప్పుదుము గాని, ఇక్కడ మీ తాత టిఫిను కారియరు పోగొట్టుకొన్నాడు, ఇక్కడ మీ అమ్మ తొలిసారి కన్నడము విని భయపడినది అని ఎందరము చెప్పుచున్నాము? పిల్లవాడు కిటికీ ప్రక్కన ఫోను చూచుకొనుచుండును. వానికి చెప్పవలసినది మనము చెప్పలేదు, వాడు వినలేదని మాత్రము నిష్ఠూరమాడుదుము.

మిడుతల సంగతి, పరదేశి మనస్సు పరదేశికే తెలియునన్న సంగతి, ఇవన్నియు చెప్పవలెనని చీటీ వ్రాసుకొని వచ్చినాము. సిద్ధాంతిగారు మా సమయములో పావుభాగము వాడుకొన్నారు గనుక విడిచెదము.

ఒక ఆక్షేపణకు మాత్రము జవాబు చెప్పవలెను. “మన భాగవతము, మన సుందరకాండ పారాయణము ఉండగా యూదుల పొద మనకెందుకు?” అని మొన్న ఒక పెద్దలు అడిగినారు. న్యాయమైన ప్రశ్న. వారి గ్రంథమును తెచ్చుకొమ్మని మేము చెప్పుట లేదు. అది క్రొత్తగా తెచ్చుకొనవలసినదియు కాదు. 1810లో బళ్ళారి వచ్చిన జాన్ హాండ్స్ అను మిషనరీ ఈ ఊరిలో కూర్చుండియే బైబిలును కన్నడములోనికి తెచ్చినాడు. మేము అడుగునది వారి పద్ధతి. మన సప్తాహములో భాగవతమంతయు ఏడు దినములలో పూర్తియగును. పుణ్యమునకు లోటులేదు. కాని ఏడు దినముల వరద తరువాత యేడంతయు ఎండ. వారమునకొక చెంబెడు నీరు పోసిన మొక్క బ్రతుకును.

ఇంకొక ఆక్షేపణ ఎవరును పైకి అనలేదు, మేమే అనుకొన్నాము. శుక్రవారము ప్రొద్దుక్రుంకినది మొదలు శనివారము చీకటిపడువరకు పనిముట్టరాదని యూదుల నియమము. దినకూలి మీద బ్రతుకు కొత్తరెడ్డిపాలెపు ఇంట శనివారము పని మానుట అనగా ఆ పూట నూకలు మానుట. నియమము తెలిసియు పనికి పోవలసివచ్చినవారిని తప్పుపట్టుటకు మనమెవరము? మన పేటలోను జీన్సు కుట్టువారికి కుట్టిన ముక్కలను బట్టియే డబ్బు. వారిని సాయంకాలము రెండు గంటలు కూర్చుండబెట్టి ‘మనస్సు నిలుపుడు’ అనుట వారి కూలి కోసి మన పుణ్యము కుట్టుకొనుటయే. కావున మేము తలపెట్టినది పావుగంట పని.

యూదులలో ఇంట చదువుటకు ఒక ఆచారమున్నది. ప్రతివాడు ఆ వారపు పాఠమును మూలములో రెండుసార్లు, అనువాదములో ఒకసారి చదువవలెను. దీనికి వెనుక పాత కథ ఉన్నది. బాబిలోను చెరనుండి తిరిగివచ్చినవారికి యెరూషలేములో నీటిగుమ్మము ముందర ఎజ్రా తెల్లవారినది మొదలు మధ్యాహ్నము వరకు గ్రంథము చదివినాడు. ప్రక్కన నిలిచినవారు దానిని జనులకు అర్థమగునట్లు విడమరచినారు. పరదేశములో పుట్టిన పిల్లలకు తాతల భాష చాలకపోయినది కాబోలు. వారిని తిట్టలేదు. అర్థము చెప్పు మనిషిని ప్రక్కన నిలిపినారు, అంతే. తరువాతి శతాబ్దములలో సినగోగులో వాక్యము వాక్యమునకు అరమాయికు భాషలో చెప్పువాడు ఒక ఉద్యోగి వలె ఏర్పడినాడు.

మన పిల్లలు బడిలో కన్నడము, ఇంగ్లీషు చదువుదురు. తెలుగు మాటలాడుదురు గాని అక్షరము గుర్తుపట్టలేరు. కొందరికి ‘ళ’ చూపిన కన్నడపు ‘ళ’ తో పోల్చి చదివెదరు, అదియు మంచిదే, రెండు లిపులు అక్కచెల్లెండ్రు గదా. మేము అడుగునదేమనగా, వారమునకొక తెలుగు పద్యము. రెండుసార్లు తెలుగులో చదువుట, ఒకసారి కన్నడములో భావము చెప్పుట. తెలుగు చదువువాడు పెద్దవాడు, కన్నడము చెప్పువాడు పిల్లవాడు. ఎవరు ఎవరికి నేర్పుచున్నారో తెలియకుండవలెను. చదివిన మాట క్రింద ఒక పుల్ల కదలవలెను. కొబ్బరి ఈనె చాలును. తప్పు చదివిన అప్పుడే దిద్దవలెను. ఫోనులు గుమ్మము దగ్గరి బుట్టలో. మొదటి ఫోను మాది.

శనివారము అయిన బాగుండునని తలచినాము. వేంకటేశ్వరస్వామి వారమని కొందరి ఇండ్లలో ఒంటిపూట ఎట్లును ఉండనే ఉన్నది, మిషన్లకును ఆ రాత్రి వారపు లెక్కలు తేలును. రాత్రి ఎనిమిది గంటలకు, మన సంఘపు వెనుక గదిలో. తాళము మా వద్ద ఉన్నది. గదిలో ఆరు కుర్చీలు, ఒక చాప ఉన్నవి. పద్యమును ఎంచు పని పెద్దలు పుచ్చుకొనవలెను, మాకు ఆ విషయమున పక్షపాతము జాస్తి. తప్పులు దిద్దుటకు ఇద్దరు కావలెను. కన్నడము పండితుని వలె వచ్చిన మా పొరుగింటి ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకరుగా ఒప్పుకొన్నది. రెండవవారి పేరు ఈ సభ ముగియులోపల కార్యదర్శిగారికి ఇయ్యగలరు.